రామానుజులవారి జీవితంలో కాళ్ళూ నీళ్ళూ



ఈ వారం వీడియోలో రామానుజాచార్యులవారి 120 ఏళ్ళ జీవితాన్ని పదిహేను నిమిషాల్లో చెప్పేశాం. గోపురం ఎక్కి మంత్రం చెప్పిన సీన్ అందరికీ తెలిసిందే కాబట్టి దాని మీదే ఎక్కువ టైమ్ పోయింది. నాకు అంతకన్నా ముఖ్యం అనిపించే సంగతులు మిగిలిపోయాయి. అవి ఇక్కడ రాస్తున్నాను. అన్నీ కాళ్ళకీ నీళ్ళకీ సంబంధించినవే.

మా పాతపట్నం వైపు ఇంటికి దూరం నుంచి ఎవరైనా వస్తే ముందు చెంబుతో నీళ్ళిస్తారు, కాళ్ళు కడుక్కోండి బాబూ అని. పెళ్ళిలో అయితే మామగారే కూర్చుని పళ్ళెంలో అల్లుడి కాళ్ళు కడుగుతారు. వైష్ణవుల ఇళ్ళలో గురువుగారి పాదాలు కడిగిన నీళ్ళని శ్రీపాదతీర్థం అని తీసుకుంటారు. గమనించారా? అతిథి, అల్లుడు, గురువు. ఎవరిని పెద్దగా అనుకుంటామో వాళ్ళ కాళ్ళే కడుగుతాం. అదే ఊళ్ళలో తాతల కాలంలో కొంతమందికి చెంబు చేతికిచ్చేవారే కాదు. దోసిలి పడితే పైనుంచి పోసేవారు.

క్రైస్తవుల్లో ఈ పద్ధతి తిరగబడి ఉంటుంది. యోహాను సువార్త ప్రకారం ఏసు తనని పట్టుకెళ్ళే ముందు రాత్రి నడుముకి తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడు. ఆ కాలంలో అది పనివాళ్ళు చేసే పని. పేతురు అనే శిష్యుడైతే మొదట ఒప్పుకోలేదు. ఈస్టర్ ముందు గురువారం నాడు చాలా చర్చిల్లో ఫాదర్లు ఇప్పటికీ ఇది చేస్తారు. 2006లో దక్షిణాఫ్రికాలో ఇదే పని ఇంకో రకంగా వార్తల్లోకి వచ్చింది. తెల్లవాళ్ళ వర్ణవివక్ష ప్రభుత్వంలో శాంతిభద్రతల మంత్రిగా చేసిన ఆడ్రియాన్ వ్లాక్, నల్లజాతి పాస్టర్ ఫ్రాంక్ చికానే ఆఫీసుకి వెళ్ళి ఆయన కాళ్ళు కడిగాడు. 1989లో ఈ చికానే బట్టలకి విషం పూసి చంపాలని చూసింది ఆ ప్రభుత్వ పోలీసులే. కాళ్ళు కడిగాడు కదా అని కేసు ఆగలేదు. మరుసటి ఏడాది కోర్టు వ్లాక్‌కి సస్పెండెడ్ శిక్ష వేసింది. ఇదంతా నాటకం అన్నవాళ్ళూ ఉన్నారు, మనసు కదిలిందన్నవాళ్ళూ ఉన్నారు.

పైవాడు కిందకి వంగి కింద అనుకున్నవాడి కాళ్ళు పట్టుకోవడం మన దగ్గర ఉందా అని వెతికితే, నాకు ముందు కనిపించింది రామానుజులవారే.

సంప్రదాయం లెక్కలో ఆయన పుట్టింది 1017లో, శ్రీపెరుంబుదూరులో. మంచి వైదిక కుటుంబం. చదువుకోసం కాంచీపురంలో యాదవప్రకాశుల దగ్గర చేరాడు. శిష్యుడు గురువుకే అర్థాలు దిద్దే స్థాయికి వచ్చేసరికి గురువుగారికి మండింది. కాశీయాత్ర పేరుతో వింధ్య అడవుల్లోకి తీసుకెళ్ళి వదిలించుకోవాలని చూశారు. తమ్ముడి వరసయ్యే గోవిందుడు చెప్పడంతో తప్పించుకున్నాడు. దారి తప్పినవాడిని ఒక బోయ దంపతులు కంచి దాకా తెచ్చారనీ, వాళ్ళు వరదరాజస్వామీ అమ్మవారేననీ కథ. మనవాళ్ళు ఈ కథలో దేవుణ్ణే చూస్తారు. నాకు మాత్రం ఆ దేవుడు బోయవాడి వేషంలోనే ఎందుకు వచ్చాడా అన్నది కూడా ఆలోచించాల్సిన సంగతే అనిపిస్తుంది.

కంచిలో కాంచీపూర్ణులు అని ఒకాయన ఉండేవారు. తమిళంలో తిరుక్కచ్చినంబి. బ్రాహ్మణేతరుడు. వరదరాజస్వామికి వింజామర వీచే సేవ ఆయనది. స్వామి ఆయనతో మాట్లాడేవాడని ఊరంతా నమ్మేది. రామానుజులు వెళ్ళి ఇక నేనేం చేయాలి అని అడిగింది ఈయన్నే. ఊరి బయట బావి నుంచి రోజూ స్వామికి ఒక కుండ నీళ్ళు మోయమన్నారు. వేదాంతం చదివిన కుర్రాడు ఎదురు మాట్లాడకుండా కుండ భుజాన పెట్టుకున్నాడు.

అక్కడితో ఆగలేదు. ఆయన్ని గురువుగా చేసుకోవాలనుకున్నాడు. కాళ్ళు పట్టడానికి వెళితే ఆయన ఒప్పుకోలేదు. కులం తక్కువవాణ్ణి, మీకు నేను గురువేంటి అని వెనక్కి తగ్గారు. అప్పుడు రామానుజులకి ఒక ఆలోచన వచ్చింది. ఇంటికి భోజనానికి పిలిచి, ఆయన తిన్న విస్తరిలో మిగిలింది ప్రసాదంగా తినేస్తే ఇక కులం మాట ఎక్కడుంటుంది?

భార్య తంజమాంబతో వంట చేయించి, ఆయన్ని పిలుచుకురావడానికి ఒక వీధిలో బయల్దేరాడు. కాంచీపూర్ణులు ఇంకో వీధిలోంచి ఇంటికి వచ్చేశారు. గుడిలో పనుంది, త్వరగా వడ్డించమ్మా అన్నారు. తిన్నారు, వెళ్ళిపోయారు. తంజమాంబ ఆ చోటు శుభ్రం చేసి, తలస్నానం చేసి, భర్తకి మళ్ళీ వేరే వంట మొదలుపెట్టింది. రామానుజులు వచ్చేసరికి విస్తరి లేదు, ప్రసాదం లేదు, ఇల్లాలి తడి జుట్టు ఉంది.

కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడ తంజమాంబని విలన్‌ని చేసేస్తారు. నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో ఏ అగ్రహారం ఇల్లాలైనా చేసేదే ఆవిడ చేసింది. మడి ఆవిడకి నేర్పింది ఆ ఊరే, ఆ శాస్త్రమే. భర్త ఏం చేయబోతున్నాడో ఆవిడకి ముందు చెప్పినట్టు కూడా కథలో లేదు. ఇంకో సంగతి, కాంచీపూర్ణులు కావాలనే వేరే దారిలో వచ్చారంటారు. అంటే వంగాలనుకున్నవాడు ఒక్కడే సిద్ధంగా ఉన్నాడు. ఇల్లు సిద్ధంగా లేదు, ఆ గౌరవం అందుకోవాల్సిన మనిషికీ భయమే. పేతురు వద్దన్నట్టే ఈయనా వద్దన్నారు. పైకి రమ్మన్నప్పుడు రాగలగడం అంత తేలిక కాదండీ. రేపు ఊరు ఊరుకోదని వాళ్ళకి తెలుసు.

తరవాతి గొడవ బావి దగ్గర. మహాపూర్ణులు, అంటే పెరియనంబి, రామానుజులకి పంచసంస్కారాలు చేసిన గురువు. ఆయన భార్యతో సహా వచ్చి వీళ్ళింట్లోనే ఉండి దివ్యప్రబంధం చెబుతున్నారు. ఒకరోజు ఆడవాళ్ళిద్దరూ నీళ్ళు తోడుతుంటే గురుపత్ని కుండలోంచి నాలుగు చుక్కలు తంజమాంబ కుండలో పడ్డాయి. మా వంశం ఎక్కువ, నా నీళ్ళు మైలపడ్డాయి అని మాటలు పెరిగాయి. ఇద్దరూ బ్రాహ్మణ స్త్రీలే చూడండి. కులం అనేది ఒక్క గీత కాదు, గీత లోపల ఇంకో గీత. శిష్యుణ్ణి ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక మహాపూర్ణులు చెప్పకుండానే శ్రీరంగం వెళ్ళిపోయారు. గురువుగారి కోసం పళ్ళూ తాంబూలం తెచ్చిన రామానుజులకి ఖాళీ గది కనిపించింది.

ఆ తర్వాత ఆయన భార్యని పుట్టింటికి పంపించి సన్యాసం తీసుకున్నారు. సమానత్వం చెప్పిన మహాత్ముడి జీవితంలో ఈ ముక్క నాకు ఇప్పటికీ మింగుడు పడదు. తంజమాంబ తర్వాత ఏమైందో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

శ్రీరంగంలో మఠాధిపతి అయ్యాక సీన్ మారింది. యామునాచార్యులవారి శిష్యుల్లో మారనేరి నంబి అనే దళిత భక్తుడు ఉండేవారు. ఆయన పోయినప్పుడు అంత్యక్రియలు చేసింది మహాపూర్ణులే, ఒక బ్రాహ్మణుడు. ఊరివాళ్ళు ఆయన్ని వెలివేశారు. రామానుజులు దీని గురించి అడిగితే, జటాయువుకి రాముడు చేయలేదా, నేను రాముడికన్నా ఎక్కువా, జటాయువుకన్నా ఆయన తక్కువా అన్న అర్థంలో సమాధానం చెప్పారట. గురువుని తప్పు పట్టడానికి కాదు, ఆ మాట నలుగురి ముందూ వినిపించడానికే రామానుజులు అడిగారని పెద్దలంటారు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చేది కావేరి స్నానం. రామానుజులు పెద్దవయసులో నదికి వెళ్ళేటప్పుడు దాశరథి అనే బ్రాహ్మణ శిష్యుడి భుజం పట్టుకుని వెళ్ళేవారు. స్నానం అయ్యాక, ఒళ్ళు శుద్ధి అయ్యాక, తిరిగొచ్చేటప్పుడు ధనుర్దాసు భుజం పట్టుకునేవారు. ధనుర్దాసు ఉరైయూరు మల్లయోధుడు, బ్రాహ్మణుడు కాడు. లెక్క ప్రకారం ఇది ఉల్టా. శిష్యులు గొణిగారు. ఆయన మానలేదు. రోజూ, అందరూ చూస్తుండగా, గుడికి వెళ్ళే దారిలోనే. నాకు గోపురం కన్నా ఇదే పెద్దది. గోపురం ఒక్కరోజు ఎక్కుతారు. ఇది రోజూ చేయాలి.

చోళరాజు వేధింపులకి ఆయన కర్ణాటక వైపు వెళ్ళారు. మేల్కోటలో గుడి కట్టించినప్పుడు అక్కడి దళితులు చేసిన సాయానికి వాళ్ళకి తిరుక్కులత్తార్ అని పేరు పెట్టారు, అంటే శ్రీకులం వాళ్ళు అని. గుడిలోకి వచ్చే హక్కు ఇచ్చారు. ఎన్ని రోజులు? ఏడాదిలో మూడు రోజులు. ఆ కాలానికి మూడు రోజులే విప్లవం అని వాదించొచ్చు. నేనూ కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆ మూడుని నాలుగు చేయలేదు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో, అంటే మన శ్రీకాకుళం వైపు కూడా, అన్ని కులాలకీ గుడి తలుపులు చట్టంగా తెరుచుకున్నది 1947 ఆలయ ప్రవేశ చట్టంతో. ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది.

మన తెలుగు నేల మీద ఆయన గుర్తులు చాలా ఉన్నాయి. తిరుమల కొండ సాక్షాత్తూ ఆదిశేషుడు కాబట్టి దాని మీద కాలు పెట్టలేక మోకాళ్ళతో ఎక్కారని చెబుతారు. అలిపిరి దారిలో మోకాళ్ళ పర్వతం అంటే అదే. మన శ్రీకూర్మానికి కూడా వచ్చారనీ, అప్పటిదాకా శివలింగంగా పూజలందుకుంటున్న మూర్తిని కూర్మనాథుడిగా గుర్తించారనీ వైష్ణవ కథ. శివభక్తులు ఈ కథకి ఏమంటారో అది వేరే వీడియో.

శ్రీకూర్మం వెళితే, ఏ వైష్ణవ గుడికి వెళ్ళినా, అర్చకులు తల మీద శఠగోపం పెడతారు కదా. మోసపోతే శఠగోపం పెట్టాడు అని తిట్టుకోవడం తప్ప దాని గురించి మనకేం తెలీదు. దాని మీద ఉండేవి స్వామి పాదాలు. పేరు మాత్రం నమ్మాళ్వారుది, ఆయన్నే శఠకోపులు అంటారు. ఆయన వెళ్ళాల కులంలో పుట్టినవారు, బ్రాహ్మణుడు కాదు. అంటే ఆ పాదాల కింద తల వంచే ప్రతివాడూ ఒక బ్రాహ్మణేతరుడి పేరు కిందే తల వంచుతున్నాడు. నమ్మాళ్వారు సొంత ఊరు ఆళ్వార్ తిరునగరిలో, ఆయన సన్నిధిలో పెట్టే శఠారిని రామానుజం అంటారు. అక్కడ ఆళ్వారు పాదాలే రామానుజులు. కంచిలో కాంచీపూర్ణుల దగ్గర దొరకని చోటు ఇక్కడ దొరికిందన్నమాట.

2018లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద మోసుకుని లోపలికి తీసుకెళ్ళారు. తిరుప్పాణాళ్వారుని లోకసారంగ ముని మోసిన కథకి అది గుర్తు. ఆ కథలో ముని ముందు ఆళ్వారు మీద రాయి విసిరాడు, నెత్తురు కారింది. మోసింది ఆ తర్వాతే, అదీ రంగనాథుడు ఆజ్ఞాపిస్తే. మొయ్యడం గురించి చెప్పేటప్పుడు రాయి సంగతి కూడా చెప్పాలని నా అభిప్రాయం.

నాలుగేళ్ళకి, 2022 ఫిబ్రవరిలో, ముచ్చింతల్‌లో రామానుజులవారి 216 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. చాలా బావుంటుంది, వెళ్ళి చూడండి. పద్మాసనంలో ఉంటారు.

1137లో శ్రీరంగంలో ఆయన దేహం చాలించారు. ఆ దేహమే ఇప్పటికీ గుడి ప్రాంగణంలోని సన్నిధిలో కూర్చున్న భంగిమలో ఉందని సంప్రదాయం చెబుతుంది. మిగతా మూర్తుల్లా దానికి నీళ్ళతో అభిషేకం ఉండదు. ఏడాదికి రెండుసార్లు పచ్చకర్పూరం, కుంకుమపువ్వు కలిపిన పూత పూస్తారు. మీలో ఎవరైనా శ్రీరంగం వెళితే రంగనాథుణ్ణి చూసి హడావుడిగా బస్సెక్కేయకండి, ఆ సన్నిధి దగ్గర కూడా కాసేపు ఆగండి.