పండిట్ నైన్ సింగ్: టిబెట్‌ను అడుగులతో కొలిచిన బడిపంతులు

గూఢచారి అనగానే మా తరం వాళ్లకు 1966లో వచ్చిన కృష్ణగారి 'గూఢచారి 116' గుర్తుకొస్తుంది. మా పిల్లలకైతే జేమ్స్ బాండ్. చేతిలో తుపాకి, దూసుకుపోయే కారు, నలగని కోటు ఉంటేనే గూఢచారి అని అందరి అభిప్రాయం. ఈ వ్యాసంలో నేను పరిచయం చేయబోయే గూఢచారి దగ్గర ఇవేవీ లేవు. ఒక జపమాల, ఒక ప్రార్థనా చక్రం, కొన్ని గవ్వలు, ఒక గిన్నె, అంతే. ఉద్యోగం బడిపంతులు. పేరు నైన్ సింగ్ రావత్. బ్రిటిష్ ఇండియా సర్వే శాఖ ఆయన అసలు పేరు దాచి పెట్టిన రహస్యనామం 'పండిట్'. మన హైస్కూళ్లలో తెలుగు మాస్టారిని 'తెలుగు పండిట్' అనేవాళ్లం కదా, అదే మాట. ఆయన్ని అలా పిలవడానికి కారణం కూడా ఆ పంతులు ఉద్యోగమే.

మంచుకొండల అంచున పుట్టినవాడు

నైన్ సింగ్ 1830 అక్టోబరు 21న మిలం అనే గ్రామంలో పుట్టారు. ఇది నేటి ఉత్తరాఖండ్ రాష్ట్రంలో, కుమావూ ప్రాంతపు జోహార్ లోయలో, ఒక పెద్ద హిమానీనదం అంచున ఉంది. కనుమ దాటితే అవతల టిబెట్. ఆ ఊరివాళ్లు ఎండాకాలంలో ధాన్యం, బట్టలు గొర్రెల మీద, మేకల మీద వేసుకుని టిబెట్ వెళ్లి, ఉప్పు, ఉన్ని తెచ్చుకునేవారు. అందువల్ల నైన్ సింగ్‌కి చిన్నప్పటి నుంచే టిబెటన్ భాష, అక్కడి మర్యాదలు బాగా తెలుసు. ఇంట్లో ఒక భాష, సరిహద్దు దాటితే ఇంకో భాష. మన పిల్లలకు ఈ సంగతి ఒకరు వివరించనక్కర్లేదు!

1855లో జర్మనీ నుంచి వచ్చిన ష్లాగిన్‌ట్వైట్ సోదరులు హిమాలయాల మీద పరిశోధన చేస్తూ ఈ యువకుణ్ణి సహాయకుడిగా పెట్టుకున్నారు. కొలతల పరికరాలు వాడటం ఆయన వాళ్ల దగ్గరే మొదలుపెట్టారు. ఆ సోదరుల్లో ఒకరైన అడాల్ఫ్‌ను 1857లో కాష్గర్‌లో తల నరికి చంపారు. ఆ రోజుల్లో మధ్య ఆసియాలో కొత్తవాడు తిరిగితే ఏం జరిగేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఆ తర్వాత నైన్ సింగ్ సొంత ఊళ్లోనే ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా కొన్నేళ్లు పనిచేశారు.

పటంలో తెల్లకాగితం

ఆ కాలంలో ఉత్తరం నుంచి రష్యా, దక్షిణం నుంచి బ్రిటన్ ఆసియాలో తమ పలుకుబడి పెంచుకోవాలని పోటీ పడుతున్నాయి. సర్వే శాఖ భారతదేశాన్నంతా కొలుచుకుంటూ హిమాలయాల దాకా వచ్చేసింది. కానీ కొండలకు అవతల టిబెట్ విదేశీయులకు తలుపులు మూసేసింది. తెల్లదొర వెళితే ఇట్టే పట్టుబడతాడు. అందుకని కెప్టెన్ మాంట్‌గొమరీ అనే సర్వే అధికారికి ఒక ఆలోచన వచ్చింది. సరిహద్దు ప్రజలకే శిక్షణ ఇచ్చి, వర్తకుల్లాగానో యాత్రికుల్లాగానో పంపిస్తే ఎలా ఉంటుందని.

1863లో నైన్ సింగ్‌నీ, ఆయన దగ్గరి బంధువు మణి సింగ్‌నీ డెహ్రాడూన్ పిలిపించారు. మొదట్లో జీతం నెలకు 20 రూపాయలు. శిక్షణ రెండేళ్లు సాగింది. ఇందులో ఇంజనీర్లు చేతులెత్తి నమస్కరించాల్సిన విషయాలున్నాయి.

మొదటిది నడక. ఎత్తయినా, పల్లమైనా, రాళ్లయినా సరే, మైలుకు 2000 అడుగులు పడేలా ఒకే కొలతలో నడవడం నేర్పారు. బౌద్ధుల జపమాలలో 108 పూసలుంటాయి. ఈ మాలలో ఎనిమిది తీసేసి 100 ఉంచారు. వంద అడుగులకు ఒక పూస జారవిడిస్తే, మాల ఒక చుట్టు తిరిగేసరికి పదివేల అడుగులు, అంటే ఐదు మైళ్లు. ప్రార్థనా చక్రంలో మంత్రాలు రాసిన కాగితం ఉండాల్సిన చోట లెక్కలు రాసుకునే కాగితం చుట్టిపెట్టారు. ఎవరైనా దగ్గరికొస్తే చక్రం తిప్పుతూ జపం చేయడమే. ప్రార్థనలో ఉన్న మనిషిని మధ్యలో పలకరించరు కదా!

రెండోది నక్షత్రాలు. అక్షాంశం తెలియాలంటే సెక్స్‌టెంట్ అనే పరికరంతో నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. దానికి సముద్రంలోలాగా దిగంతరేఖ కనబడాలి. కొండల్లో అది దొరకదు. కాబట్టి గిన్నెలో పాదరసం పోసి, అద్దంలాంటి ఆ ఉపరితలంలో నక్షత్రం ప్రతిబింబం చూసి లెక్క కట్టేవారు. ఆ పాదరసాన్ని గవ్వల్లో దాచి తీసుకెళ్లేవారు. సెక్స్‌టెంట్ పెట్టెకున్న రహస్యపు అరలో ఉండేది. ఇక ఎత్తు కొలవడానికి థర్మామీటర్ చాలు. సుమారు ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే ఉష్ణోగ్రత ఒక సెంటీగ్రేడ్ డిగ్రీ తగ్గుతుంది. చూసేవాళ్లకు ఆయన టీ కాచుకుంటున్నట్టే ఉంటుంది!

లాసాలో మూడు నెలలు

1865 ఆరంభంలో ఇద్దరూ బయలుదేరి నేపాల్ వెళ్లారు. టిబెట్ సరిహద్దు దగ్గర కిరోంగ్ అధికారికి అనుమానం వచ్చి వెనక్కి పంపేశాడు. నైన్ సింగ్ వేషం మార్చి, లాసా వెళ్లనని, వెళితే ప్రాణమే జరిమానా అని ఒప్పుకుని, మొత్తానికి టిబెట్‌లో అడుగుపెట్టారు. తర్వాత లడఖ్ వర్తకుల బిడారంలో కలిసి తూర్పుకు సాగారు. దారిలో షిగాట్సేలో తోటివారితోపాటు పంచెన్ లామా దర్శనానికి వెళ్లాల్సి వచ్చింది. లామాకు మనుషుల మనసులో మాట తెలిసిపోతుందని ప్రతీతి. పండిట్‌గారి గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో! తీరా చూస్తే గద్దె మీద ఉన్నది పదకొండేళ్ల పిల్లవాడు. మామూలు కుశలప్రశ్నలు వేసి దీవించి పంపించాడు.

1866 జనవరిలో ఆయన లాసా చేరారు. చేతిలో డబ్బు అయిపోయింది. అప్పుడు ఆదుకున్నది పాత వృత్తే. అక్కడి నేపాలీ వర్తకులకు మన పద్ధతిలో లెక్కలు నేర్పి పొట్ట పోసుకున్నారు. ఇద్దరు కాశ్మీరీ ముస్లిం వర్తకులు ఆయన ఎవరో పసిగట్టారు. అయినా బయటపెట్టలేదు. పైగా గడియారం తాకట్టు పెట్టుకుని డబ్బు సర్దారు. అనుమతి లేకుండా వచ్చిన ఒక చైనీయుడి తల నడివీధిలో నరకడం ఆయన కళ్లారా చూశారు. ఒకరోజు వీధిలో ఆ కిరోంగ్ అధికారి కూడా కనిపించాడు. ఇక నైన్ సింగ్ బయటికి రావడం బాగా తగ్గించేశారు. రాత్రిపూట మాత్రం నక్షత్రాల లెక్క మానలేదు. లాసా అక్షాంశానికి ఆయన కట్టిన లెక్క నేటి ఉపగ్రహాల లెక్కకు చాలా దగ్గరగా ఉంటుంది.

ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణమై, సాంగ్‌పో నది వెంట మానససరోవరం మీదుగా అక్టోబరు నాటికి డెహ్రాడూన్ చేరారు. కొలిచిన దారి సుమారు 1200 మైళ్లు. పిల్లలూ, మైలుకు 2000 చొప్పున మీరే గుణించండి. 24 లక్షల అడుగులు!

మళ్లీ పిలుపు

1867లో పశ్చిమ టిబెట్‌లోని థోక్ జాలుంగ్ బంగారు గనుల దాకా ఇంకోసారి వెళ్లొచ్చాక ఆయన రహస్యయాత్రలకు విరామం ఇచ్చారు. మళ్లీ పంతులుగారయ్యారు. కొత్తగా చేరినవాళ్లకు నడక, నక్షత్రాలు, పరికరాలు నేర్పారు. బంధువైన కిషన్ సింగ్ ఆయన శిష్యుడే. తర్వాత 'ఎ.కె.' అనే రహస్యనామంతో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. పరికరాలతో అక్షాంశాలు కొలవడం గురించి నైన్ సింగ్ హిందీలో 'అక్షాంశ దర్పణ్' అనే పుస్తకం కూడా రాశారు.

1874లో కెప్టెన్ ట్రాటర్ మళ్లీ పిలిచాడు. ఈసారి లడఖ్‌లోని లేహ్ నుంచి ఉత్తరపు ఎడారి పీఠభూమి మీదుగా లాసాకు వెళ్లాలి. అక్కడినుంచి వీలైతే పెకింగ్‌కి, లేకపోతే కొత్త దారిలో ఇండియాకి రావాలి. అప్పటికి ఆయన వయసు 43. నా వయసు వాళ్లం రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసపడుతున్నాం. మంచులో ఏళ్ల తరబడి పరికరాల్లోకి చూసి చూసి ఆయన కళ్లు దెబ్బతిన్నాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన ముఖం ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ దారుల్లో ఆయన్ని ఎరిగిన వర్తకులు ఎంతోమంది. అయినా ఒప్పుకున్నారు.

జులై 15న లామా వేషంలో, కొద్దిమంది సేవకులతో, 26 గొర్రెలతో లేహ్ నుంచి బయలుదేరారు. గొర్రెలు వీపు మీద సామాను మోస్తాయి, దారిలో గడ్డి తింటాయి, మేత మోసే పని లేదు. వెయ్యి మైళ్లకు పైగా నడిచి నవంబరు 18న లాసా చేరేసరికి మొదట బయలుదేరిన గొర్రెల్లో నాలుగైదు మాత్రమే మిగిలాయి. అక్కడ భయపడినంతా అయింది. లేహ్ నుంచి వచ్చిన, తనను ఎరిగిన వర్తకుడు ఒకడు కనబడ్డాడు. పెకింగ్ ఆలోచన వదిలేసుకుని, ముందుగా అప్పటిదాకా రాసిన లెక్కలన్నీ ఇద్దరు సేవకులకిచ్చి లేహ్‌కి పంపేశారు. తను పట్టుబడినా పని దక్కాలి కదా. రెండు రోజుల్లోనే ఉత్తరాన ఉన్న ఒక మఠానికి యాత్రకు వెళుతున్నానని చెప్పి, చీకటి పడగానే దారి మళ్లించి దక్షిణానికి తిరిగారు. తవాంగ్‌లో స్థానికులు దాదాపు రెండు నెలలు ఆపేశారు. చివరికి 1875 మార్చి 1న అస్సాంలోని ఉదల్‌గురిలో అడుగుపెట్టారు. అదే ఆయన ఆఖరి యాత్ర.

ఎవరి కోసం?

1868లో మొదటి యాత్ర నివేదిక లండన్‌లో అచ్చయినప్పుడు అందులో 'పండిట్' అని ఉందే తప్ప పేరు లేదు. రహస్యం కాబట్టి తప్పలేదు. రహస్యయాత్రలు ముగిశాకే లోకానికి నైన్ సింగ్ అనే పేరు తెలిసింది. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ప్రకటించింది. ప్రభుత్వం ఒక గ్రామాన్ని జాగీరుగా ఇచ్చింది. 2004లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

పెద్దవాళ్లం కలిసి ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆయన కొలిచింది ఎవరి కోసం? తన దేశాన్ని ఏలుతున్న పరాయి ప్రభుత్వం కోసం. 1904లో బ్రిటిష్ సైన్యం లాసాలోకి నడిచింది. దారిలో వందలమంది టిబెటన్లు చనిపోయారు. టిబెట్ గురించి ఆ ప్రభుత్వానికి అప్పటికి తెలిసిన విషయాల్లో పండిట్ల కొలతలది పెద్ద పాలు. ఈ నిజాన్ని దాచి ఆయన్ని పొగడటం న్యాయం కాదు. అలాగని ఆ 24 లక్షల అడుగుల్ని చిన్నచూపు చూడటమూ న్యాయం కాదు. మనలో చాలామందిమి ఇతరుల సంస్థల్లో, ఇతరుల ప్రాజెక్టులకు కోడ్ రాస్తున్నవాళ్లమే. పని నిజాయితీగా చేయడం ఒక ఎత్తు, ఆ పని ఎక్కడికి పోయి చేరుతుందో అడగడం ఇంకో ఎత్తు. మొదటిది నైన్ సింగ్ జీవితం నుంచి నేర్చుకోవచ్చు. రెండోది అడిగే అవకాశం 20 రూపాయల జీతగాడికి ఎంత ఉండేదో తెలియదు గానీ, మనకు తప్పకుండా ఉంది.

1962 యుద్ధంతో టిబెట్ వ్యాపారం ఆగిపోయాక మిలం గ్రామం చాలావరకు ఖాళీ అయిపోయింది. బతుకుతెరువు కోసం ఊరు వదిలినవాళ్లకు ఆ ఖాళీ ఇళ్లు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

పిల్లలూ, మీకు ఒక చిన్న పని. ఈ వారం పార్కుకి వెళ్లినప్పుడు ఒక మైలు నడిచి, ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టండి. ఫోన్ అమ్మకిచ్చేయండి. లెక్క తెలుగులో సాగాలి, వందకి ఒక గులకరాయి జేబులో వేసుకోవాలి. మధ్యలో తమ్ముడో చెల్లెలో పలకరించినా లెక్క తప్పకూడదు. వచ్చే వారం తరగతిలో మీ అంకె చెప్పండి. పండిట్‌గారి 2000కి ఎవరు దగ్గరగా వచ్చారో బోర్డు మీద రాసి చూద్దాం.