డాక్టరు ఎడ్వర్డు లారీ

గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించిన రేమండు దొరను మనమందర మెరుగుదుము. ఆ సమీపముననే రెసిడెన్సీ సర్జనుగా నుండిన లారీ దొర నెరిగినవా రరుదు.

ఈయన ఎడింబరోలో సైమునొద్ద శస్త్రవైద్యము నేర్చి, 1885లో హైదరాబాదు చేరి, ఇచ్చటి వైద్యపాఠశాలకు ప్రధానాధ్యాపకుడయ్యెను. ఆ కాలమున క్లోరోఫారము పీల్చిన రోగులు కొందరు శస్త్రచికిత్స బల్లమీదనే మరణించుచుండిరి. ముందాగునది గుండెయా, శ్వాసయా? శ్వాసయే యనియు, నాడిని విడిచి ఊపిరిని కనిపెట్టుచుండిన గుండెకు చేటు లేదనియు ఆయన వాదము. 1888లో జరిగిన పరీక్షలను ఇంగ్లండు వైద్యులు నమ్మకపోగా, ఆరవ నిజాము ధనమిచ్చి లాడర్ బ్రంటన్‌ను రప్పించెను. 1889లో వందలకొలది కుక్కలు, కోతులు (పాపము!) బలియై, తీర్పు లారీ పక్షమున వచ్చెను. ఆ గెలుపే ఆయనకు ముప్పయ్యెనని మాకు తోచును. ఎదురుసాక్ష్యమును చెవిని బెట్టడాయెను. 1911లో లెవీ పిల్లులపై పరీక్షించి, చాలీచాలని క్లోరోఫారమే గుండెను తటాలున ఆపగలదని చూపెను. అటుపై నాలుగేండ్లకు, 1915లో, లారీ గతించెను.