చిన్న గాయమే కదా అనుకోవద్దు: డాక్టర్ నార్మన్ బెథూన్ జీవితం

నార్త్ యార్క్‌లో కీల్ స్ట్రీట్ మీదుగా షిఫ్టులకు పోయేవాళ్లం యార్క్ యూనివర్సిటీని రోజూ చూస్తూనే ఉంటాం. ఆ క్యాంపస్‌లో ఒక కాలేజీకి నార్మన్ బెథూన్ పేరు పెట్టారు. ఆయన జీవితం తెలుగులో పుస్తకంగా కూడా వచ్చింది, మనలో కొందరు చదివే ఉంటారు. పనిలో జాగ్రత్త గురించి ఈ ఏడాది ఏం రాద్దామా అని కూర్చున్నప్పుడు మాకు ఆయనే గుర్తొచ్చారు.

బెథూన్ 1890 మార్చి 4న ఒంటారియోలోని గ్రేవెన్‌హర్స్ట్‌లో పుట్టారు. టొరంటోలో చదువుతూ మధ్యలో ఆపి, 1911లో ఉత్తరాన అడవిలో చెట్లు కొట్టే క్యాంపుకు వెళ్లారు. పగలు కూలీలతో సమానంగా పని చేసేవారు, రాత్రి వాళ్లకే ఇంగ్లీషు నేర్పేవారు. వాళ్లలో చాలామంది మనలాగే పొట్ట చేతపట్టుకుని దేశం దాటి వచ్చినవాళ్లు.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడినవాళ్లను స్ట్రెచర్ మీద మోస్తూ 1915లో తానే గాయపడ్డారు. తిరిగొచ్చి 1916లో డాక్టరయ్యారు. 1926లో క్షయ పట్టుకుంది. అది తగ్గాక మాంట్రియల్‌లో ఊపిరితిత్తుల ఆపరేషన్లలో పేరు తెచ్చుకున్నారు, కొత్త పరికరాలు కూడా తయారుచేశారు. 1936లో స్పెయిన్ వెళ్లి, గాయపడ్డ సైనికుల దగ్గరికే రక్తం బండి మీద చేర్చే ఏర్పాటు చేశారు. 1938లో చైనాకు వెళ్లారు.

అక్కడ పని విపరీతం. ఒకసారైతే 69 గంటల్లో 115 ఆపరేషన్లు చేశారని చెబుతారు. మందులు చాలవు, రబ్బరు గ్లవుజులు ఉండవు. 1939 అక్టోబరు ఆఖర్లో, జపాన్ సైన్యం దగ్గరపడుతోందన్న హడావుడిలో ఆపరేషన్ చేస్తుండగా ఆయన వేలు తెగింది. కట్టు కట్టుకుని మళ్లీ పనిలో పడ్డారు. తెగిన వేలితోనే చీము పట్టిన గాయాలను ముట్టుకున్నారు. విషం రక్తంలోకి పాకింది. పెన్సిలిన్ ఇంకా వాడుకలోకి రాని రోజులవి. నవంబరు 12న, 49 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

యుద్ధాలు దాటారు, క్షయను గెలిచారు, వేలి మీద గాయానికి పోయారు. చీము ఎంత ప్రమాదమో ఆయనకంటే తెలిసినవాళ్లెవరు? తెలిసినంత మాత్రాన ప్రమాదం ఆగదని ఆయన చావు చెబుతోంది.

ఆయనకు గ్లవుజులు దొరకలేదు. మనకు దొరుకుతాయి. అయినా గోడౌన్‌లో, కిచెన్‌లో, కట్టడం పనిలో చెయ్యి తెగితే టేపు చుట్టేసుకుని పని కానిస్తాం. సూపర్‌వైజర్‌కు చెబితే రేపటి నుంచి పిలవరేమోనని భయం. ఆ భయం మాకు తెలియనిది కాదు. కానీ చట్టం మన వైపు ఉంది. ప్రమాదకరమైన పనిని వద్దనే హక్కు ఒంటారియోలో కార్మికులకు ఉంది. అలా అన్నందుకు యజమాని శిక్షించకూడదు.

కాబట్టి గాయం ఎంత చిన్నదైనా కడుక్కోండి, కట్టు కట్టించుకోండి, అదే రోజు చెప్పి రాయించండి. వాపు, ఎరుపు, జ్వరం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లడం మర్నాటికి వాయిదా వేయొద్దు. ఊళ్లో మన ఇంటివాళ్లు ఎదురుచూసేది డబ్బు కోసమే కాదు, మన కోసం కూడా.