పన్నెండు ఊళ్ల కోసం నిలబడ్డ కుమ్రం భీం

గోండు వీరుడు కుమ్రం భీం ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకెపల్లిలో జన్మించాడు. తండ్రి చిన్నూ, తల్లి సోంబాయి. అటవీ సిబ్బంది వేధింపులు, ఆపై తండ్రి మరణం. కుటుంబం సర్దాపూర్ చేరి, పొదలు కొట్టి, కొత్త నేలలో పంట తీసింది. పంట చేతికొచ్చే వేళ సిద్దిఖ్ అనే ఆసామి వచ్చి ఆ భూమి తనదన్నాడు. దున్నినవాళ్ల దగ్గర కాగితం లేదు. గొడవలో సిద్దిఖ్ చనిపోయాడు, భీం ఊరు విడిచాడు.

అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడనీ, ఆ తిరుగుడులోనే చదవడం, రాయడం నేర్చాడనీ మన పెద్దలు చెబుతారు. తిరిగొచ్చాక జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ వంటి పన్నెండు గూడేలను ఒక్కతాటి మీదికి తెచ్చాడు. ఒక్క సర్దాపూర్ చేను కోసం కాదు, ఆ పన్నెండు ఊళ్ల నీరు, అడవి, భూమి మొత్తం మీద అక్కడివాళ్లకే హక్కు ఉండాలని అడిగాడు. నిజాంకు విన్నవించుకోవాలని హైదరాబాద్ దాకా వచ్చినా దర్శనం దొరకలేదంటారు. చివరికి తుపాకీ పట్టాడు. 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసు కాల్పులకు సహచరులతో పాటు నేలకొరిగాడు.

ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల స్థితిగతులు పరిశీలించమంది. ఆయన కృషితో వేలాది ఆదివాసులకు పట్టాలు దక్కాయి, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. అయితే ఆ పట్టా ఒక్కో రైతు పేరునే. భీం అడిగింది ఊళ్లన్నిటికీ కలిపి.

అలాంటి ఉమ్మడి హక్కు లోకంలో లేనిది కాదు. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో 1976 చట్టం ప్రకారం ఎడారి నేలలు కూడా ఆదివాసీ ట్రస్టుల పేరున ఉన్నాయి. తరతరాల హక్కుదారులందరి తరఫున ట్రస్టు ఆ భూమిని ఉంచుతుంది, దాన్ని ఎవరూ అమ్ముకోలేరు. మన దగ్గర 1/70 చట్టం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకుంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ ద్వారా సాముదాయిక హక్కు కోరే దారి చూపింది.

చిలకలగూడ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న మన పిల్లలు సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న పట్టా ఒకసారి చదవాలి. అది ఎవరి పేరున ఉందో, ఎన్ని ఎకరాలో, ఊరంతటికీ సాముదాయిక హక్కు పత్రం వచ్చిందో లేదో తెలుసుకోవాలి. రాకపోతే గ్రామసభలో పెద్దల పక్కన కూర్చుని దరఖాస్తు రాసిపెట్టాలి. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో దండం పెట్టే చేతులు ఆ పని కూడా చేయాలి.

అమరుడు కుమ్రం భీంకు జోహార్లు.