భాగ్యరెడ్డి వర్మ: బలిపీఠము, భోజనపాత్ర

మాంసాహారము మన సంఘములో ఆకలికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఎవరు ఏమి తినుచున్నారో చూచి, వారిని ఏ పంక్తిలో కూర్చుండబెట్టవలెనో నిర్ణయించుట తరతరాల ఆచారము. ఆ నిర్ణయమునకు గురియైన కులములో పుట్టి, దాని మూలమును ప్రశ్నించిన మహనీయుడు మాదరి భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో పేద కుటుంబమున జన్మించినారు. తొలి పేరు భాగయ్య. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలు, భజనలు సాధనముగా వాడవాడలా తిరిగి తనవారిని మేల్కొలిపినారు. 1911లో అదే మన్యసంఘమైనది. ఆర్యసమాజము ఆయనను వర్మ బిరుదముతో గౌరవించినది.

బోనాల పండుగనాడు గ్రామదేవత ముందు పొట్టేలు తెగిపడుట మన ప్రాంతమున తెలియనివారు లేరు. బెల్లంపల్లి వంటి గనుల ఊళ్లలో కార్మికులు మైసమ్మను కొలుచుట కూడ మనమెరుగుదుము. ఆ బలి భక్తికి గుర్తు, ఊరి క్షేమమునకు పూచీ. కాని జీవహింస మాన్పించుటకై ఏర్పడిన జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి పక్షమున భాగ్యరెడ్డి వర్మ ఊరూర బోధించినారు. మద్యపానమును, జోగిని దురాచారమును కూడ ఖండించినారు.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. మాంసమును విడువుమనుట పైకులాల కొలబద్దను అంగీకరించుట కాదా? విచారించి చూడుడు. మేకమాంసము తిను భూస్వాములను ఊరు అంటరానివారనలేదు. చచ్చిన పశువును ఈడ్చు పనిని వెట్టిగా కొందరి మెడకు కట్టి, ఆ కళేబరమునే వారికి ప్రతిఫలముగా విడిచి, పిమ్మట ఆ తిండినే వారి హీనతకు సాక్ష్యముగా చూపినారు. కనుక దోషము మాంసములో లేదు. దానిని పంచిన ఏర్పాటులో ఉన్నది.

భాగ్యరెడ్డి వర్మ పళ్లెమును సంస్కరించుటతో ఆగిపోలేదు. బడులు పెట్టించినారు. 1917లో బెజవాడ మహాసభకు అధ్యక్షత వహించినారు. అచట పంచములన్న పేరు త్రోసిపుచ్చబడి, ఆదిఆంధ్రులన్న పేరు నిలిచినది. తమవారు ఈ నేలకు తొలి హక్కుదారులని ఆయన సిద్ధాంతము. 1931 జనాభా లెక్కలలో నిజాం రాజ్యమున ఆదిహిందువులన్న పేరు నమోదగుటకు ఆయన కృషియే కారణము.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూసినారు. ఎదుటివాని పళ్లెములోనికి తొంగిచూచి వాని విలువ కట్టు అలవాటు మాత్రము ఇంకను మనలను వీడలేదు. తరగతి గదిలో పిల్లలు కలిసి భుజించు వేళ ఆ అలవాటును మాన్పించుట ఉపాధ్యాయుల చేతిలోని పని.