దర్జీ కొడుకు లెక్కతోటే సింథసైజర్ల సప్పుడు

బరాతులల్ల కీబోర్డు వాయించే తమ్ముళ్లకు సింథసైజర్ కొత్తేం కాదు. గని అండ్ల ఒక రకమున్నది, అడిటివ్ సింథసైజర్. 1987ల జపానోళ్ల కవాయ్ కంపెనీ తెచ్చిన కె5 అసొంటిదే. అండ్ల రికార్డు చేసి పెట్టిన సన్నాయి ఉండదు, పిల్లనగ్రోవి ఉండదు. ఉండేటియి ఒట్టి సైన్ అలలు. సన్నగ ఈల ఏసినట్టు వినపడుతయి. అడుగు స్వరం 200 హెర్ట్జ్ అనుకుంటే, దాని మీద 400, 600, 800... ఇట్ల 126 మెట్లదాంక పోవచ్చు. వీటినే హార్మోనిక్స్ అంటరు. ఏ మెట్టు ఎంత గట్టిగ మోగాలె, మీట నొక్కినంక ఎంత జల్ది లేవాలె, ఎంతసేపట్ల ఆరిపోవాలె, అంత మనమే అంకెలల్ల చెప్పాలె.

దీని కింద ఉన్న లెక్క అసలు సప్పుడు కోసం పుట్టిందే కాదు. ఇనుము అసొంటి గట్టి వస్తువును ఒక దిక్కు కాలబెడితే వేడి ఇంకో దిక్కుకు ఎట్ల పాకుతది అని తన్లాడిన ఒక ఫ్రెంచాయనది ఆ లెక్క. పేరు జోసెఫ్ ఫూరియే. డిగ్రీల మ్యాథ్స్ తీసుకున్నోళ్లు ఫోరియర్ సిరీస్ అని చదివిన్రు గదా, ఆయనే.

1768 మార్చి 21న ఒసేర్ అనే ఊర్ల పుట్టిండు. తండ్రి బట్టలు కుట్టేటాయన, మన దిక్కు మేరోళ్లు అంటం గదా, ఆ పనే. పదేండ్ల వయసుల తల్లీ లేదు, తండ్రీ లేడు. క్రైస్తవ సన్యాసులు నడిపే సైనిక బడిల చేర్పిస్తే లెక్కలల్ల అందరినీ దాటిపోయిండు. ఫిరంగి దళంల ఆఫీసర్ కావాలనుకున్నడు. పెద్దింట్ల పుట్టలేదని వద్దన్నరు. తెలివి ఎంతుంది అని అడగలే, ఎవల కడుపున పుట్టినవని అడిగిన్రు. ఇది మనకు విడమర్చి చెప్పాల్సిన ముచ్చట కాదు.

1789ల విప్లవమొచ్చింది. ఫూరియే అండ్లకు దిగిండు, 1794ల జైలుకూ పోయిండు. రోబెస్పియర్ కూలినంక బయటపడ్డడు. 1798ల నెపోలియన్ ఫౌజుతోటి ఈజిప్టుకు పోయిండు. దాన్ని నేను మెచ్చను, పరాయి దేశం మీదికి తుపాకులతోటి పోయినోళ్ల ఎంబడి పోయిన చదువు అది. తిరిగొచ్చినంక గ్రెనోబుల్‌ల ఉండి ఆ జిల్లాకు పెద్ద అధికారి అయిండు, మన కలెక్టర్ లెక్క. బుర్గ్వాన్ దగ్గర చిత్తడి నేలలను చుట్టుపక్కల ఊర్లోళ్లను ఒప్పించి ఎండగట్టించిండు. పగలు ఆ కొలువు చేసుకుంటనే వేడి లెక్క రాసుకున్నడు.

1807ల ఆ రాత ప్యారిస్ పెద్దల ముందు పెట్టిండు. ఎంత వంకర గీతైనా సరే, తీరు తీరు సైన్ అలలను కలిపి కట్టొచ్చు అన్నది అండ్ల మాట. లగ్రాంజ్ ఒప్పుకోలే. ఆయన మామూలు మనిషి కాదు, ఆ కాలపు లెక్కలోళ్లల్ల శిఖరం. గుండ్రంగ తిరిగే అలలను ఎన్ని కలిపితే మాత్రం కోసుగ మూల ఎట్లొస్తది అన్నది ఆయన అనుమానం.

అడిటివ్ సింథసైజర్ దొరికితే మీరే చూడుండ్రి. మొదటి మెట్టు నిండ పెట్టుండ్రి, మూడోది అండ్ల మూడో వంతు, అయిదోది అయిదో వంతు, ఏడోది ఏడో వంతు. సరి సంఖ్యలన్నీ సున్న. మెట్లు పెంచుకుంట పోతే అల డబ్బా ఆకారానికొస్తది, సప్పుడు క్లారినెట్ తీరు బోలుగైతది. మూలకాడ మాత్రం సన్నని కొమ్మొకటి మిగులుతది, ఎన్ని మెట్లు కలిపినా పోదు. లగ్రాంజ్ అనుమానం ఉత్తదేం కాదు.

1812ల అదే పనికి బహుమానం ఇచ్చిన్రు గని, రుజువు సాలదని తప్పులు పట్టిన్రు, అచ్చు మాత్రం ఎయ్యలే. 1816ల సైన్స్ అకాడమీకి ఎన్నుకుంటే, నెపోలియన్ మనిషని రాజు కాదన్నడు. మల్ల ఏడు మల్లా ఎన్నుకుంటే గని లోపలికి రానియ్యలే. పుస్తకం బయటికొచ్చేసరికి 1822, మొదలు చెప్పినంక పదిహేనేండ్లు. ఆ అలల మాట ఎక్కడ నిలుస్తదో డిరిక్లే అనే పిలగాడు గట్టిగ రుజువు చేసింది 1829ల. 1830 మే 16న ఫూరియే ప్యారిస్‌ల కన్నుమూసిండు.

చెవికి ఈ లెక్కను ముడేసింది ఆయన పోయినంక జర్మనీల ఓమ్, హెల్మ్‌హోల్ట్జ్. ఒకటే శ్రుతిల ఊదినా సన్నాయి వేరు, పిల్లనగ్రోవి వేరు ఎందుకంటే, ఏ మెట్టు పాలు ఎంత అన్నదాంట్ల తేడా. పియానోల పై మెట్లు జల్ది ఆరిపోతయి, కింది మెట్లు ఆగుతయి. అందుకే సింథసైజర్ల పాలు ఒక్కటి పెడితే సాలదు, ఆరే టైము గుడ పెట్టాలె.

మన డప్పుకాడ మాత్రం కె5 అసొంటిది తడబడుతది. తోలు మోగితే పుట్టే మెట్లు రెండింతలు, మూడింతలు అని సాఫుగ రావు, నడిమిట్ల ఎక్కడెక్కడనో పడుతయి. మెట్లను మనకు కావాల్సిన తావుల పెట్టనిచ్చే మిషనుంటేనే డప్పు పలుకుతది.