మట్టిపొరలను చదివిన మేత్రాణులు
ధన్య నీల్స్ స్టెన్సన్ జీవితం



మీ దొడ్లో గాని, పొలంలో గాని బావి తవ్వుతుండగా గట్టున నిలబడి మీరు చూసే ఉంటారు. ముందు పైమట్టి వస్తుంది. దాని కింద బంకమట్టి, దాని కింద ఇసుక, ఆ ఇసుకలో నీళ్ళు. కింది పొర ముందు పడిందనీ, పై పొర తరువాత పడిందనీ మనకు ఎవరూ చెప్పనక్కరలేదనిపిస్తుంది. కాని ఈ చిన్న సంగతిని ఒక సూత్రంగా రాసిపెట్టి, దాని సాయంతో భూమి చరిత్రను చదవవచ్చునని లోకానికి చూపించిన శాస్త్రజ్ఞుడు ఆ తరువాత కథోలిక గురువై, మేత్రాణులై, పేదవాడుగా కన్నుమూశాడని మీలో ఎంతమందికి తెలుసు? ఆయనే ధన్య నీల్స్ స్టెన్సన్. శాస్త్ర గ్రంథాలలో ఆయన పేరు స్టేనో అని కనిపిస్తుంది.

ఆయన 1638 జనవరిలో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో జన్మించారు. తండ్రి కంసాలి. కుటుంబం లూథరన్ మతస్తులు. పసితనంలో జబ్బుచేసి, నీల్స్ కొన్నేళ్ళపాటు తోటి పిల్లలతో ఆడుకోలేక పెద్దవాళ్ళ మాటలు వింటూ ఇంటిలోనే గడిపారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. బడిలో చదువుకునే రోజుల్లో ఆ పట్టణానికి ప్లేగు వచ్చి ఎంతోమంది విద్యార్థులు చనిపోయారు. విశ్వవిద్యాలయంలో వైద్యం చదవటం మొదలుపెట్టాక స్వీడన్ సైన్యం పట్టణాన్ని ముట్టడించింది. ఇన్ని కష్టాల మధ్య పెరిగిన ఆ యువకుడికి ఒక అలవాటు గట్టిపడింది. ఎవరో చెప్పారని కాక, కంటితో చూసి చేతితో తాకి తెలుసుకున్న దానినే నమ్మటం ఆ అలవాటు.

1660లో పై చదువులకు హాలెండు వెళ్ళారు. అక్కడ ఒక గొర్రె తలను కోసి పరిశీలిస్తుండగా, చెంపలోని గ్రంథి నుండి నోటిలోకి లాలాజలాన్ని తీసుకువచ్చే నాళం ఆయనకు కనిపించింది. ఈనాటికీ వైద్య విద్యార్థులు దానిని స్టెన్సన్ నాళమనే పిలుస్తారు. ఆయన ఎవరి ఇంట బస చేశారో ఆ ఆచార్యుడే అది తాను కనుగొన్నదని వాదించినప్పుడు, నీల్స్ తిట్లతో బదులివ్వలేదు. ఇంకా లోతుగా పరిశోధించి, తన మాటను రుజువులతో నిలబెట్టుకున్నారు. గుండె అంటే దేహంలోని వేడికి పుట్టిల్లు అని పండితులు చెప్పుకుంటున్న ఆ రోజుల్లో, అది కూడా ఒక కండరమేనని తేల్చి చెప్పారు. 1665లో పారిస్ నగరంలో మెదడు గురించి ప్రసంగిస్తూ, మనకు తెలిసింది ఎంత తక్కువో ముందు ఒప్పుకోవాలని పండితుల ఎదుటే చెప్పగలిగారు.

1666లో ఆయన ఇటలీలోని ఫ్లోరెన్సు చేరుకున్నారు. ఆ ప్రాంతపు ప్రభువు రెండవ ఫెర్దినాందో ఆయనను ఆదరించారు. ఆ ఏడాది అక్టోబరులో లివోర్నో తీరాన జాలరులు ఒక పెద్ద సొరచేపను పట్టారు. దాని తలను ప్రభువు నీల్స్ వద్దకు పంపారు. ఆ తలను కోసి చూస్తున్నప్పుడు పళ్ళు ఆయన దృష్టిని ఆకర్షించాయి. మాల్టా ద్వీపంలో రాళ్ళ మధ్య దొరికే నాలుక రాళ్ళు అచ్చం ఆ పళ్ళలాగే ఉంటాయి!

ఈ నాలుక రాళ్ళ గురించి ఆనాడు ఎన్నో కథలుండేవి. అవి ఆకాశం నుండి రాలాయని కొందరు, రాతిలోనే మొలిచాయని కొందరు అనేవారు. పునీత పౌలుగారు మాల్టాలో ఓడ పగిలి ఒడ్డుకు చేరి, పాము కాటు నుండి బయటపడ్డ సంగతి మనందరికీ తెలుసు. ఆ తరువాత అక్కడి పాముల నాలుకలే రాళ్ళుగా మారాయని ఆ ద్వీపవాసులు చెప్పుకునేవారు. అవి పూర్వపు సొరచేపల పళ్ళేనని అంతకుముందే ఒకరిద్దరు అన్నా, ఆ మాట నిలబడలేదు. నీల్స్ ఎవరినీ ఎగతాళి చేయలేదు. సముద్రపు చేప పన్ను కొండరాతి లోపలికి ఎలా వెళ్ళింది అని మాత్రం ప్రశ్నించుకున్నారు. ఆ రాయి ఒకప్పుడు మెత్తని బురదగా సముద్రం అడుగున పేరుకుని ఉండాలి. పన్ను ముందే గట్టిగా ఉన్నది కనుక, బురద దాని చుట్టూ చేరి ఆ తరువాత రాయిగా మారి ఉండాలి. ఇలా ఒక్కొక్క మెట్టే ఎక్కారు.

ఆ ఆలోచన ఫలితమే 1669లో ఫ్లోరెన్సులో లాతీను భాషలో అచ్చయిన చిన్న పుస్తకం. అందులో నాలుగు సూత్రాలు కనిపిస్తాయి. ఒకటి, కింది పొర ముందుది, పై పొర తరువాతిది. రెండు, నీటిలో పేరుకునే పొర మొదట సమంగానే పరచుకుంటుంది. అది ఏటవాలుగా కనిపిస్తే తరువాత ఏదో దానిని కదిలించిందన్నమాట. మూడు, ఏదైనా అడ్డు తగిలేవరకు పొర పక్కలకు సాగుతుంది. లోయకు అటూ ఇటూ ఒకే పొర కనిపిస్తే అవి ఒకప్పుడు కలిసి ఉన్నట్టే. నాలుగు, ఒక పొరను కోసుకుంటూ వెళ్ళినది ఆ పొర కన్నా తరువాతిది. వీటి సాయంతో ఆయన టస్కనీ ప్రాంతపు చరిత్రను ఆరు ఘట్టాలుగా చెప్పారు. భూమి వయస్సు కొన్ని వేల ఏళ్ళేనని ఆ కాలంవారిలో చాలామందిలాగే ఆయనా భావించారు. ఆ లెక్క నిలవలేదు. సూత్రాలు మాత్రం నిలిచాయి.

ఇదే సమయంలో ఆయన మనసులో ఇంకొక అన్వేషణ సాగుతోంది. 1666లో లివోర్నో వీధులలో జరిగిన క్రీస్తు శరీర మహోత్సవ ప్రదక్షిణ ఆయనను కదిలించింది. దివ్యసత్ప్రసాదం వట్టి రొట్టె అయితే ఇంతమంది మోకరించటం మూర్ఖత్వం కావాలి, కాకపోతే తానెందుకు మోకరించటం లేదు అనే ప్రశ్న ఆయనను వదలలేదు. ఫ్లోరెన్సులో ఒక మఠానికి మందుల కోసం వెళ్ళేటప్పుడు, అక్కడి మందులశాలలో పనిచేసే మరియ ఫ్లావియా అనే మఠకన్య ఆయనతో విశ్వాసం గురించి మాట్లాడేవారు. ఆయన శాస్త్రాన్ని శోధించినట్టే పితృపాదుల గ్రంథాలను కూడా మూలభాషలలో శోధించారు. చివరకు 1667 నవంబరు 2వ తేదీన, సకల మృతుల స్మరణ దినాన, కథోలిక తిరుసభలో చేరాలని నిర్ణయించుకున్నారు. స్వదేశంలో దీనికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. కొన్నేళ్ళకు రాజు పిలుపుపై కోపెన్‌హాగెన్ తిరిగివెళ్ళినా, కథోలికుడైనందువలన విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి దక్కలేదు.

1671లో ఫ్లోరెన్సు ప్రభువు మూడవ కోసిమో కోరికపై ఉత్తర ఇటలీ కొండలలోని మంచుగుహలకు వెళ్ళి, తాను చూసినదంతా ఆయనకు ఉత్తరాలలో తెలియజేశారు.  ఇక్కడ మీకు ఒక విచిత్రం చెప్పాలి. ఆయన పుట్టిన డెన్మార్కు నేల చాలావరకు మంచు తెచ్చి పోసిన మట్టే! ఒకప్పుడు ఉత్తరాన ఉన్న పర్వతాల నుండి బ్రహ్మాండమైన మంచుపలకలు కదిలివచ్చి ఆ దేశాన్ని కప్పివేశాయి. కరిగి వెనక్కు తగ్గేటప్పుడు రాళ్ళు కలిసిన బంకమట్టిని, ఇసుకను, గులకరాళ్ళను అక్కడే వదిలిపెట్టాయి. ఈ సంగతి ఆనాడు ఎవరికీ తెలియదు. మంచుయుగం అనే ఆలోచనను 1837లో స్విట్జర్లాండులో లూయీ అగాసీ ముందుకు తెచ్చారు. ఉత్తర జర్మనీ మైదానాన్ని కూడా ఆ మంచు కప్పిందని 1875లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఒట్టో టోరెల్ బెర్లిన్‌లో వివరించారు.

డెన్మార్కు ప్రభుత్వం 1888లో భూగర్భ పరిశీలన సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థవారు పొలాల వెంట నడుస్తూ, ఒక మీటరు పొడవైన ఇనుప బరమాను నేలలో దించి, పైకి వచ్చిన మట్టిని చూసి పటాలపై గుర్తించసాగారు. తరువాతి కాలంలో ఆ పటాలూ, వేలాది బోరుబావుల వివరాలూ కంప్యూటర్లలోకి ఎక్కాయి. హెలికాప్టరుకు పెద్ద తీగచట్రాన్ని వేలాడదీసి, నేలలోకి విద్యుత్ ప్రభావాన్ని పంపి, అది ఎలా తిరిగి వస్తుందో కొలిచే పద్ధతి కూడా వచ్చింది. బంకమట్టి విద్యుత్తును బాగా పోనిస్తుంది, ఇసుక అంతగా పోనివ్వదు. తీరం దగ్గర భూమిలోకి చొరబడిన ఉప్పునీరు మరీ బాగా పోనిస్తుంది. వీటన్నిటినీ కలిపి, నేల లోపలి పొరలను కంప్యూటరు తెరపై అన్ని వైపుల నుండి చూడగలిగే పటాలు తయారుచేస్తున్నారు.

ఇది ఎందుకంటారా? ఆ దేశంలో తాగే నీరు దాదాపు అంతా భూగర్భ జలమే. ఇసుక పొరలో ఉన్న నీటిపై మందమైన బంకమట్టి పొర ఉంటే, పొలాలలో చల్లిన ఎరువులూ పురుగుమందులూ త్వరగా కిందికి దిగవు. ఆ బంకమట్టిలో ఎక్కడైనా ఖాళీ ఉంటే విషం నేరుగా బిడ్డలు తాగే నీటిలోకి చేరుతుంది. ఆ ఖాళీ ఎక్కడుందో చెప్పటానికే ఈ పటాలు.

అయితే మంచు తెచ్చిన మట్టి నీరు తెచ్చిన మట్టిలా బుద్ధిగా పరచుకోదు. మంచు ఒక చోట నేలను దున్ని లోయ చేస్తుంది, దానిని మళ్ళీ ఇసుకతో పూడుస్తుంది. ఒక చోట పాత పొరను ఎత్తి కొత్త పొర పైన పెడుతుంది. డెన్మార్కు తీరాన మోన్ అనే ద్వీపంలో సముద్రపు సుద్ద పొరలు మంచు తోపుడుకు మడతలుపడి, 128 మీటర్ల ఎత్తున కొండచరియలుగా నిలిచాయి. అటువంటి చోట రెండు బోర్ల మధ్య గీత గీసి పొర ఒకటేననుకుంటే పటం తప్పుతుంది. అప్పుడు పరిశీలకుడు మళ్ళీ నీల్స్ అడిగిన ప్రశ్నలే అడగాలి. ఏది ముందు, ఏది తరువాత? వంగినదానిని ఏది వంచింది? ఏది దేనిని కోసింది? మూడున్నర శతాబ్దాలు గడిచినా, యంత్రాలు ఎన్ని వచ్చినా, ఆ ప్రశ్నలకు ప్రత్యామ్నాయం లేదు.

మరి నీల్స్ తన పరిశోధనను ఎందుకు కొనసాగించలేదు? 1669 నాటి చిన్న పుస్తకం ఒక పెద్ద గ్రంథానికి ముందుమాట మాత్రమే. ఆ గ్రంథం రానే లేదు. 1675లో ఆయన ఫ్లోరెన్సులో గురువుగా అభిషిక్తులయ్యారు. 1677లో రోము నగరంలో మేత్రాణులుగా అభిషేకం పొందారు. ఆయనను అభిషేకించినవారు నేడు మనం పునీతులుగా గౌరవించే గ్రెగోరియో బర్బరీగో గారు. కథోలికులు కొద్దిమందే మిగిలిన ఉత్తర ఐరోపాకు వెళ్ళటం ఆయనకు అప్పగించిన పని.

హానోవరులో మూడేళ్ళు సేవచేశారు. కథోలికుడైన ప్రభువు 1679లో మరణించగా, మ్యూన్‌స్టరు మేత్రాసనంలో సహాయ మేత్రాణులయ్యారు. 1683లో అక్కడ కొత్త పీఠాధిపతి ఎన్నికలో డబ్బు చేతులు మారటం చూసి సహించలేక, పదవినీ సౌకర్యాన్నీ వదిలి ఆ పట్టణం విడిచిపెట్టారు. హాంబర్గులో, తరువాత ష్వెరిన్‌లో గుప్పెడుమంది కథోలికుల మధ్య జీవించారు. మేత్రాణుల ఉంగరాన్నీ సిలువనూ అమ్మి పేదలకు ఇచ్చారు. చిరిగిన దుస్తులతో, ఉపవాసాలతో శరీరం క్షీణించింది. విపరీతమైన కడుపునొప్పితో 1686 డిసెంబరు 5న, 48వ ఏట, ష్వెరిన్‌లో కన్నుమూశారు. ఆ ఊరి చుట్టూ ఉన్న సరస్సులు కూడా మంచుపలకలు వదిలివెళ్ళినవే! కోసిమో ప్రభువు ఆయన దేహాన్ని ఫ్లోరెన్సుకు తెప్పించి పునీత లోరెంజో దేవాలయంలో ఉంచారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1988 అక్టోబరు 23న ఆయనను ధన్యులుగా ప్రకటించారు.

అంతటి మేధావి పరిశోధన మానివేయటం నష్టం కాదా అని మీరు అడగవచ్చు. శాస్త్రానికి అది నష్టమే. దాచనవసరం లేదు. కాని విశ్వాసం ఆయన కళ్ళను మూసిందనటం మాత్రం న్యాయం కాదు. భూమి గురించి ఆయన రాసిన ఆ పుస్తకం తిరుసభలో చేరిన తరువాత వెలువడినదే. రాతి ముందు, దివ్యసత్ప్రసాదం ముందు, డబ్బుతో జరిగిన ఎన్నిక ముందు ఆయన ఒకే మనిషిగా నిలబడ్డారు. పైకి కనిపించేదానితో తృప్తిపడలేదు. నిజం తెలిసిన తరువాత దానికి తగ్గట్టు నడవటానికి వెనుదీయలేదు.

తల్లిదండ్రులారా, సైన్సు చదివితే పిల్లల భక్తి తగ్గిపోతుందని మీలో ఎవరైనా భయపడుతుంటే ఈ మహనీయుని కథ ఇంట చెప్పండి. యువతీ యువకులారా, ప్రార్థించేవారికి ప్రశ్నలు ఉండకూడదని ఎవరైనా అంటే ఈయనను గుర్తుచేయండి. డిసెంబరు 5వ తేదీ వచ్చినప్పుడు కుటుంబ ప్రార్థనలో ఒక్క నిమిషం ధన్య నీల్స్‌ను స్మరించుకోండి. ఈసారి బావి గట్టున నిలబడినప్పుడు ఆ పొరలను కొంచెంసేపు తీరికగా చూడండి.